నాలుగో మూల

స్ట్రిప్పు లైట్లు పెట్టించుకునేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకే. పోర్ట్ బ్లెయిర్‌లో ముప్పయ్యేళ్ళుగా వైరింగు పని చేస్తున్నాను. లైటంటే కంటికి కనబడాలి, స్విచ్చి వేస్తే వెలగాలి, పాడైతే స్టూలెక్కి మార్చుకోవాలి. ఇప్పుడలా కాదు. ఫోన్లో ఎక్కడిదో హోటలు గది చూస్తారు, మా హాలు కూడా అలాగే ఉండాలంటారు. గోడ చుట్టూ పైన చెక్క అంచు కట్టి, దాని వెనక లైటు దాచిపెట్టి, ఆ వెలుగు ముందు కప్పుకి తగిలి తరవాత కిందికి దిగాలట. పైన పటారం, లోన లొటారం. చుట్టూ ఉప్పుగాలి కొట్టే ఊళ్ళో ఆ సన్నటి రాగి పట్టీ ఎన్నాళ్ళుంటుందో ఒక్కరూ అడగరు. రెండు వానాకాలాలు గడిచాక అది చిలుము పడితే మళ్ళీ నన్నే పిలిచి, నువ్వు పెట్టిన సరుకు మంచిది కాదంటారు.

అందుకే లంబాలైన్ నుంచి శేషయ్యగారు ఫోను చేసి హాలంతా స్ట్రిప్పు లైట్లు కావాలన్నప్పుడు, లోపల ఒక తిట్టు తిట్టుకుని గాని ఒప్పుకోలేదు. ఆయన ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఇలాంటి సరదాలున్న మనిషని ఎవరూ చెప్పుకోగా నేను వినలేదు.

మాది బాంబూఫ్లాట్. పొద్దున్నే ఫెర్రీ ఎక్కి, చాథంలో దిగి, బస్సు పట్టుకుని వాళ్ళింటికి చేరేసరికి తొమ్మిదయింది. ఇల్లు ఎయిర్‌పోర్టు గోడకి దగ్గర. విమానం దిగినప్పుడల్లా కిటికీ అద్దాలు గడగడలాడతాయి. నేను స్టూలెక్కి కప్పు కొలత తీస్తుంటే టేపు చెయ్యిజారి కింద పడింది. అటు తిరిగి బట్టలు మడతపెడుతున్న అమ్మాయిని అందియ్యమన్నాను. పలకలేదు. ఇంకోసారి అన్నాను. ఉహూ.

"ఏటమ్మా, సెవులు పని సెయ్యవా? టేపు అందియ్యడానికి కూడా బద్దకవేనా?" అని గట్టిగా అరిచాను.

వంటింట్లోంచి వాళ్ళమ్మ భారతీదేవిగారు తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. "భయ్యా, దానికి వినబడదు. పుట్టినప్పట్నుంచీ అంతే" అంది. ఆ మాటలో కోపం కూడా లేదు. కోపం ఉన్నా బాగుండేది. స్టూలు దిగడానికి కూడా నాకు సిగ్గేసింది.

ఆ అమ్మాయి పేరు సింధూరి. ఇరవై మూడేళ్ళుంటాయి. టీ ఇస్తూ భారతీదేవిగారు మిగతాది చెప్పింది. వినికిడి లేకపోయినా పిల్ల పెదాలు చూసి మాట పట్టేస్తుంది. చిన్నప్పుడు తల్లి పెదాలమీదా గొంతుమీదా వేళ్ళు ఆనించి, కదలికని బట్టి ఒక్కొక్క మాటా నేర్చుకుంది. పెదాలకి అందనిది చేతులతో చెప్పుకుంటారు. ఆ సైగలు ఏ బడిలోనూ నేర్పినవి కావు, ఆ ఇంట్లో పుట్టినవి. జేబు దగ్గర వేలితో తడితే నాన్న, ఎందుకంటే ఆయన జేబులో ఎప్పుడూ పెన్నుంటుంది. నుదుట బొట్టు దగ్గర ముట్టుకుంటే అమ్మ. గోడకి అరచెయ్యి ఆనిస్తే విమానం. విమానం దిగుతుంటే గోడ అదురుతుంది కదా, ఆమెకి అది అలాగే తెలుస్తుంది.

"ఇప్పుడు కళ్ళు కూడా పోతన్నాయి భయ్యా" అంది భారతీదేవిగారు, చక్కెర సరిపోయిందా అని అడిగినంత మామూలుగా. చూపు అంచులనుంచి లోపలికి ముడుచుకుంటూ వస్తోందనీ, దానికి మందు లేదనీ చెన్నైలో డాక్టరు చెప్పాడట. రెండేళ్ళు పట్టొచ్చు, ఆరు నెలలే పట్టొచ్చు. మసక వెలుతురులో ఏమీ ఆనదు. అలాగని బల్బు నేరుగా కళ్ళలో పడితే ఉన్నది కూడా చెదిరిపోతుంది. ట్యూబులైటు కింద నిలబడ్డ మనిషికి ముక్కు నీడ పెదాలమీద పడుతుంది. మనకది లెక్కే కాదు. సింధూరికి ఆ నీడ పడితే ఎదటిమనిషి మాట ఆగిపోయినట్టే.

లైట్లు ఎక్కడెక్కడ ఉండాలో ఆ పిల్లే కాగితం మీద గీసింది. నాకు చూపిస్తూ చేతులతో ఏదో చెబితే తల్లి విప్పి చెప్పింది. "లైటు కనబడక్కర్లేదంట. మనుషులు కనబడితే చాలంట."

నా ముప్పయ్యేళ్ళ పనిలో లైటు గురించి అంత తెలివైన మాట ఎవరి దగ్గరా వినలేదు.

ఆరు రోజులు పని చేశాను. పడౌక్ చెక్కతో నాలుగు గోడలకీ పైన అంచు కట్టాను. కప్పుకి మెరుపు లేని తెల్లరంగు వేయించాను. అల్యూమినియం పట్టీలో స్ట్రిప్పు అతికించి, వెలుగు పైకి పోయేలా తిప్పాను. మూల తిరిగిన ప్రతిచోటా స్ట్రిప్పుని కోసి మళ్ళీ కలపాలి. కలపడానికి రెండు దారులు. టంకం పెట్టొచ్చు, లేదా ప్లాస్టిక్ క్లిప్పు నొక్కొచ్చు. క్లిప్పు అర నిమిషం పని. అది సోమరిపోతుల పని అని నేను పదిమందిలో తిట్టేవాణ్ణి. మూడు మూలలకీ టంకం పెట్టాను. నాలుగో మూల దగ్గరికి వచ్చేసరికి ఆకాశం నల్లబడింది, గాలి లేచింది. ఫెర్రీ తొందరగా ఆపేస్తారట అని మా ఆవిడ గవరమ్మ ఇంటినుంచి ఫోను చేసింది. ఒక్క మూలే కదా అనుకుని జేబులో ఉన్న క్లిప్పు నొక్కేసి స్విచ్చి వేశాను.

నేను పెట్టిన లైట్లలో నన్ను ఉన్నచోటే నిలబెట్టేసిన లైటు అదొక్కటే. గదిలో ఎక్కడా నీడ లేదు. శేషయ్యగారు ఆ మూలనుంచి ఏదో అన్నారు, ఈ మూలనుంచి సింధూరి నవ్వింది. భారతీదేవిగారు కూరలో ఉప్పు సరిపోయిందా అని వంటింటి గుమ్మంలోంచి చేత్తో అడిగింది, పిల్ల తల తిప్పి ఎక్కువయిందంది. వాళ్ళు అలా దూరాన్నుంచి మాట్లాడుకుని ఏడాది అయిందట.

వచ్చేస్తుంటే సింధూరి నన్ను ఆపి, రెండు వేళ్ళతో తన కనుబొమల మధ్య చర్మాన్ని దగ్గరికి నొక్కి చూపించింది. నాకర్థం కాలేదు. తల్లి నవ్వు ఆపుకోలేక, "ఇంటికి తరచూ వచ్చేవాళ్ళకి అది ఒక పేరు పెడతాది భయ్యా. మీ పేరు అది. ఎప్పుడూ మొహం ముడుచుకునే ఉంటారంట" అంది. గుమ్మం దాటేదాకా మొహం ముడుచుకోకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.

చెన్నైలో ఒక బడి సంగతి కూడా ఆ రోజే విన్నాను. చూపూ వినికిడీ రెండూ లేనివాళ్ళకి అరచేతిలో మాట్లాడటం నేర్పుతారట. చూపు ఉండగానే నేర్చుకుంటే సులువనీ, పోయాక నేర్చుకోవడం చాలా కష్టమనీ డాక్టరు మరీ మరీ చెప్పాడట. తోడుగా ఇంట్లోవాళ్ళు కూడా నేర్చుకోవాలి. జూలైలో మొదలయ్యే తరగతికి సింధూరికీ తల్లికీ సీటు దొరికింది, ఓడ టిక్కెట్లు కూడా తీసి ఉంచారు. శేషయ్యగారికి మాత్రం అది ఇష్టం లేదు. ఆ బడికి పంపడమంటే కళ్ళు పోతాయని తనే ఒప్పుకున్నట్టని ఆయన బాధ.

జూన్ నెలాఖరులో ఆయన ఫోను చేశారు. గొంతు బాగా లేదు.

"నూకన్నా, ఒకసారి వచ్చి చూస్తావా? లైటో, పిల్ల కళ్ళో తెలీట్లేదు. డైనింగు టేబుల్ వైపు ఏమీ ఆనట్లేదంటోంది. వారం రోజులై అటు వచ్చి కూర్చోట్లేదు. మాకు బానే కనబడతోంది భయ్యా."

ఫోను పెట్టకముందే ఆ నాలుగో మూల నా తలలో మెరిసింది. వెళ్ళి చెక్క అంచు వెనక చెయ్యి పెట్టి చూశాను. క్లిప్పు పచ్చగా చిలుము పట్టి ఉంది. మీటరు పెడితే ఇటువైపు పన్నెండు వోల్టులు, అటువైపు తొమ్మిది కూడా లేవు. మామూలు కళ్ళు ఆ తేడాకి మెల్లగా అలవాటు పడిపోతాయి. ఆ పిల్ల కళ్ళకి అలవాటు పడేంత స్తోమత లేదు.

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాను. అయినా దాచలేదు. "సార్, తప్పు నాది. ఇక్కడ టంకం పెట్టకుండా క్లిప్పు నొక్కీసి ఎలిపోనాను. అమ్మాయి కళ్ళకేటీ అవనేదు" అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పి, అక్కడే టంకం పెట్టాను. స్విచ్చి వెయ్యగానే ఆ గోడ మళ్ళీ తెల్లబడింది. సింధూరి మెల్లగా వచ్చి టేబుల్ దగ్గర కూర్చుంది. ఎదురుగా ఉన్న తల్లి మొహం చూసి, నుదుట వేలు పెట్టి "అమ్మ" అంది. భారతీదేవిగారు పైట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

శేషయ్యగారు మాత్రం ఆనందంతో ఊగిపోయారు. నన్ను పట్టుకుని రెండు భుజాలూ కుదిపేశారు. "దేఖా? దేఖా? నేను చెప్పలేదూ? కళ్ళు కాదు, లైటే! ఆ డాక్టర్లకేం తెలుసు? టిక్కెట్లు ఇవాళే కాన్సిల్ చేసేస్తా. పిల్లకి ఆ బడి ఎందుకు? మన ఇంట్లో వెలుతురు చాలు."

సింధూరి తండ్రి పెదాలవైపు చూస్తూనే ఉంది, ఆమెకి అన్నీ అర్థమయ్యాయి. నేనేమో తప్పు ఒప్పుకున్న గొప్పలో ఉన్నాను. నిజం చెప్పి ఒక ఇంటిని నిలబెట్టానని ఫెర్రీలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటూ ఇంటికెళ్ళాను. ఆ టిక్కెట్లు కాన్సిల్ చెయ్యొద్దని ఆయనకి ఒక్క మాట చెప్పాలని నాకు తోచలేదు. మీటరు చూసి చెప్పింది ఆ ఒక్క రోజు సంగతే గాని, రేపటి సంగతి కాదని చెప్పాల్సింది నేనే.

సెప్టెంబరులో మళ్ళీ ఫోను. "నూకన్నా, మళ్ళీ అదే జాయింటు పోయినట్టుంది. ఈసారి రెండు గోడలు."

వెళ్ళాను. మధ్యాహ్నం, వాన. కిటికీలకి తెరలు వేసి స్ట్రిప్పు వెలిగించి ఉంచారు. నాలుగు మూలలూ విప్పాను. టంకం అద్దంలా ఉంది. మొదట్లో పన్నెండు, చివర్న పన్నెండుకి ఒక పిసరు తక్కువ. స్ట్రిప్పు మీది దీపాలు ఒక్కొక్కటీ వేలితో తడిమి చూశాను. ఒక్కటీ ఆరలేదు. మీటరే తప్పేమోనని బ్యాటరీ మార్చి మళ్ళీ చూశాను. అదే పన్నెండు. పని బాగుందని మీటరు చెబితే గుండె జారిపోవడం నాకు అదే మొదలు.

శేషయ్యగారు ఆఫీసునుంచి ఇంకా రాలేదు. తల్లి వంటింట్లో ఉంది. సింధూరి నా స్టూలు పక్కకి వచ్చి ఫోను ఎత్తి చూపించింది. ఆ పిల్లకి తెలుగు రాయడం రాదు, హిందీలో పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. లైటు బాగానే ఉందని నాకు తెలుసు భయ్యా. నాన్నకి చెప్పు. నా చేతులు చెబితే నమ్మడు, అమ్మ చెబితే నమ్మడు. నీ మీటరు చెబితే నమ్ముతాడు. జనవరిలో ఇంకొకసారి బడి మొదలవుతుంది. నాకు అప్పటిదాకా కొంచెం చూపు మిగులుతుంది.

చెబుతానని తల ఊపాను. దేవుడి సాక్షిగా చెప్పాలనే అనుకున్నాను.

ఇంతలో గేటు చప్పుడయింది. శేషయ్యగారు గొడుగు కూడా మడవకుండా లోపలికొచ్చారు. తడిసిన చొక్కా, జేబులో పెన్ను. స్టూలు మీద ఉన్న నన్ను చూసి, "దొరికిందా?" అన్నారు. ఆ మొహంలో ఎంత ఆశ ఉందంటే, పరీక్ష ఫలితాల గోడ ముందు నిలబడ్డ పిల్లాడి మొహం ఒక్కటే నాకు గుర్తొచ్చింది. వెనక గుమ్మంలో భారతీదేవిగారు గరిటెతో అలాగే నిలబడి ఉంది.

నోరు తెరిచాను.

"ఆఁ సార్. జాయింటు లూజు. వానకి కదా... ఇప్పుడే టంకం పెట్టీస్తాను" అన్నాను.

ఆయన హమ్మయ్య అని కుర్చీలో కూలబడ్డారు. నేను సింధూరివైపు తిరిగాను. ఆమె నా పెదాలనే చూస్తోంది. ఆ పిల్ల మనుషుల పెదాలు చూడాలనే కదా నేను ఆరు రోజులు ఒళ్ళు హూనం చేసుకుని ఆ లైటు పెట్టింది! నీడ లేని ఆ వెలుగులో నా అబద్ధం అక్షరం పొల్లుపోకుండా ఆమెకి చేరిపోయింది.

ఫోనులో రాసింది తుడిచేసింది. గోడ పట్టుకుని స్విచ్చిబోర్డు దాకా నడిచి, లైట్లన్నీ ఆర్పేసింది. తెరలు వేసిన గదిలో చీకటి కమ్మింది. ఇక ఆమెకి ఎవరూ ఏదీ చెప్పడానికి లేదు. తండ్రి "సింధూ, సింధూ" అని పిలుస్తూనే ఉన్నారు, వినబడని పిల్లని.

చల్లటి టంకంకడ్డీని బాగున్న జాయింటుకి ఆనించి, పని చేసినట్టు నటించి వచ్చేశాను. అంత నీచమైన పని నేను ఎప్పుడూ చెయ్యలేదు.

ఆ తరవాత నాకు అన్నం సయించేది కాదు. మా గవరమ్మ ఒకటికి పదిసార్లు అడిగితే సంగతంతా చెప్పాను. ఆమె చేస్తున్న పని ఆపి నావైపు చూసి, "మాటంటే పడలేవు గాని, అబద్దం మాత్రం నీకు బాగా అబ్బిందిరా మావా. ఎల్లి సెప్పు" అంది. వెళ్దామనే అనుకున్నాను. ఒక రోజు గాలివాన, ఒక రోజు జ్వరం, ఒకసారి డిగ్లీపూర్‌లో పది రోజుల పని. అన్నీ సాకులే. చాథం జెట్టీలో లంబాలైన్ బస్సు కనబడితే మొహం తిప్పుకునేవాణ్ణి.

ఫిబ్రవరిలో శేషయ్యగారే ఫోను చేశారు. "నూకన్నా, ఇంకో వరస వేసేద్దాం. వెలుతురు చాలట్లేదు. స్ట్రిప్పు చెన్నైనుంచి తెప్పించేశా, నువ్వొచ్చి పెట్టు."

జనవరి దాటిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అయినా ఆ రోజే వెళ్ళాను.

మిట్టమధ్యాహ్నం హాల్లో లైట్లన్నీ వెలుగుతున్నాయి. ఎక్కడా నీడ లేదు. నా పని ఇప్పటికీ అలాగే ఉంది, దిష్టి తగిలేంత బాగా. సింధూరి గోడవారగా కింద కూర్చుని అరచెయ్యి గోడకి ఆనించి ఉంది. విమానమేదీ రావట్లేదు. భారతీదేవిగారు పిల్ల మొహానికి జానెడు దూరంలో చేతులు ఆడిస్తూ అన్నానికి రమ్మంటోంది. ఎన్నోసారి చెబుతోందో తెలియదు. పిల్ల కళ్ళు ఆ చేతుల్ని దాటి ఎటో ఉన్నాయి. చివరికి తల్లి ఆ చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని ఊరుకుంది. ఇరవై మూడేళ్ళుగా పోగేసుకున్న ఆ ఇంటి భాష అంతా ఆమె ఒళ్ళో పడి ఉంది.

శేషయ్యగారు కొత్త స్ట్రిప్పు పెట్టె పట్టుకొచ్చారు. ఆయన గడ్డం బాగా మాసిపోయింది. "ఇది డబల్ వెలుతురంట భయ్యా. ఇది పెడితే..." అంటున్నారు.

నేను సంచీ కింద పెట్టి, సింధూరి ముందు మోకాళ్ళమీద కూర్చున్నాను. ఆమె చెయ్యి పట్టుకోగానే ఉలిక్కిపడి లాక్కుంది. మళ్ళీ పట్టుకుని, ఆ వేళ్ళని నా కనుబొమల మధ్యకి తెచ్చాను. ముడుచుకునే ఉన్నాయి, ముడవక్కర్లేకపోయింది. ఆ వేళ్ళు అక్కడ కాసేపు తడిమాయి. తరవాత రెండు వేళ్ళతో నా చర్మాన్ని దగ్గరికి నొక్కింది. నా పేరు.

నవ్వలేదు. నన్ను నెట్టెయ్యలేదు కూడా. వేళ్ళు మెల్లగా ముక్కుమీదుగా కిందికి జారి, నా పెదాలమీద ఆగాయి. చిన్నప్పుడు తల్లి పెదాలమీద ఆనించినట్టే ఆనించి, ఎదురుచూసింది.

"లైటు బాగుందమ్మా" అన్నాను. "అప్పుడూ బాగానే ఉంది. నాను అబద్దవాడీసినాను."

వెనకాల పెట్టె చప్పుడు ఆగిపోయింది. సింధూరి వేళ్ళు నా పెదాల మీంచి కదల్లేదు. ఇంకోసారి చెప్పమన్నట్టు నొక్కింది.

ఆ వేళ్ళని అలాగే ఉంచి, ఈసారి శేషయ్యగారివైపు తిరిగి చెప్పాను.